పెట్టె మీది తువ్వాల

ఆ ఏడు వేసవి పంటకు మా ఇంట్లోకి ఒక ఆడమనిషి గొంతు వచ్చి చేరింది. మనిషి రాలేదు, గొంతే వచ్చింది. ఫోను దానంతటది మోగి, "విద్యుత్ బందిదె" అని కన్నడంలో చెప్పేది. పొలం దగ్గర మోటారుకు కరెంటు వచ్చిందని అర్థం. అప్పుడు ఫోనులో పచ్చటి గుండ్రాన్ని నొక్కితే చాలు, హచ్చొళ్ళిలో మా ఇంటి మంచం మీద నుంచే కాలవ గట్టున మోటారు తిరగడం మొదలయ్యేది.

ఈ సంబరం తెచ్చింది మా ఆయన హులిగేశ్. మిరపకాయల లారీ డ్రైవరు. కాయ బ్యాడగి మార్కెట్టుకు పోయే కాలంలో ఇల్లు ఎటువైపు ఉందో కూడా మరిచిపోతాడు. "కరెంటు ఎప్పుడొస్తాదో అని నాయన గట్టు మీద కూసోని కాపు కాసే పని తప్పుతాది" అని పాత స్టార్టరు పెట్టెలో కొత్తది బిగించి, యాప్ ఫోనులో ఎక్కించి, తాను లారీ ఎక్కి పోయాడు.

మా ఆయన చిన్న ఫోను ఆయనతోనే పోతుంది, ఇంట్లో ఉండేది పెద్ద ఫోను ఒక్కటే. అది పదో తరగతి చదివే మా అమ్మాయి అర్పితది. సార్లు పాఠాల వీడియోలు గ్రూపులో పెడతారని ఆ సంవత్సరమే కొన్నాం. దాని వేలు పెడితేనే తెరుచుకుంటుంది. నా వేలు కూడా ఎక్కిద్దామని చూశారు గాని, ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసి, తొడిమలు తీసి నున్నబడిన వేళ్ళు నావి. ఫోను ఎంతసేపటికీ ఒప్పుకోలేదు. "నీకు వేలిముద్రలే ల్యావు నేత్రావతీ, దొంగతనానికి బాగా పనికొస్తావు" అని మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వులాటే.

మా మామ హంపన్నకు మాత్రం ఆ గొంతు కొరుకుడుపడలేదు.

"ఎవరే ఆ యమ్మి? రేయీ పగలూ నిద్రపోదా?" అనేవాడు మనవరాలితో.

"మిషను తాతా. మనిషి కాదు."

"మిషనుకు అంత మర్యాద ఎవరు నేర్పిచ్చినారు? నీకు నేర్పమను."

అట్లా అన్నా, గట్టు మీద కాపు తప్పినందుకు ఆయనకు లోపల సంతోషమే. మోకాళ్ళ నొప్పులు. పొద్దెక్కేదాకా కప్పుకుని పడుకోవడం ఆ పంటకే మొదలుపెట్టాడు. కాకపోతే ఒక్క విషయంలో పట్టు వదల్లేదు. అది తువ్వాల సంగతి.

మా కాలవ మీద ఒక వాడుక ఉంది. మోటార్లు కాలవ నీళ్ళలోనే మునిగి ఉంటాయి. వాటి వైర్లకు ఎన్ని అతుకులున్నాయో వేసినవాళ్ళకే గుర్తుండదు. మోటారు తిరుగుతుండగా దాని పక్కన నీళ్ళలో కాలు పెట్టిన మనిషి మళ్ళీ పైకి రాడు. మోటారు మూతికి బిగించిన జల్లెడకు నాచు చుట్టుకుంటే తీయక తప్పదు, తీయాలంటే దిగక తప్పదు. అందుకని దిగేవాడు ముందు భుజం మీది తువ్వాల తీసి గట్టు మీది స్టార్టరు పెట్టెకు కడతాడు. పెట్టె మీద తువ్వాల ఉందంటే మనిషి నీళ్ళలో ఉన్నాడని. ఎంత పగవాడైనా ఇంక బటన్ ముట్టుకోడు. నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న సంవత్సరాల్లో కూడా ఈ మాట ఎవరూ తప్పలేదు.

"పాపా, పెట్టెకు తువ్వాల కట్టింటే మోటారు ఎయ్యాకు" అన్నాడు మామ మొదటి వారంలోనే.

"తువ్వాల ఫోనులో కనపడదు తాతా."

"కనపడేట్టు చెయ్యి. అంత చదువుతాండావు గదా."

అర్పిత పడీ పడీ నవ్వింది. తర్వాత దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "నువ్వు నీళ్ళలో దిగే పొద్దు ఇంట్లో చెప్పి పో తాతా. నేను నొక్కను. నేను నొక్కకుంటే అది తిరగదు."

ఆ ఒప్పందం బాగానే నడిచింది. నడవనిది కాలవే. మా ఇంటికొక్కదానికే వచ్చిందా ఆ గొంతు? కాలవ మీద మాకు పై పొలం సిద్ధేశ్ బిగించుకున్నాడు, ఆ పైనవాళ్ళూ బిగించుకున్నారు. వెనకటికి కరెంటు వస్తే ఎవరు ముందు లేస్తే వాళ్ళ మోటారు ముందు తిరిగేది, లేవలేనివాడి నీళ్ళు కిందికి పోయేవి. ఇప్పుడు కరెంటు వచ్చీ రాగానే అందరూ కప్పుకున్న దుప్పటి తీయకుండానే నొక్కుతారు. మడి నిండిందా, పొర్లి వాగులో పడుతోందా, చూసేవాడు లేడు. మా కింది మడిలో నీళ్ళు నిలబడి నిలబడి గట్టు పొడుగునా తెల్లగా చౌడు తేలింది. కాలవ చివర సిద్దక్క వరిమడి మాత్రం నెర్రెలు ఇచ్చింది. ఒంటి మనిషి, మొగుడు పోయాక కొడుకులు వలసపోతే ఆ కొంచెం పొలం తానే చేసుకుంటోంది. మా ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా నాతో మాట్లాడకుండా ఫోనుతో మాట్లాడేది. "తాగు తల్లీ, తాగు. అంతా నువ్వే తాగు" అని.

పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఇంట్లో ఇంకో గొడవ. అర్పిత పాఠం వింటూ ఉంటుంది, మధ్యలో ఆ గొంతు దూరి "విద్యుత్ బందిదె" అంటుంది. పాఠం ఆగిపోతుంది. కరెంటు పోతే ఒకసారి, వస్తే ఒకసారి. ఒకరోజు ఫోను దిండు మీదికి విసిరేసింది.

"ఈ ఫోను నాకు కొనిచ్చినారా, మోటారుకు కొనిచ్చినారా?"

నాకూ కోపం వచ్చింది, దాని మీద కాదు. ఆ పిల్ల పియుసి సైన్సు తీసుకుని బళ్ళారి కాలేజీకి పోవాలని ఎనిమిదో తరగతి నుంచి చెబుతోంది. మా వంశంలో ఆడపిల్ల సిరుగుప్ప దాటి చదివింది లేదు. మా ఆయన "మార్కులు రానీ, పంపిస్తా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతోంది.

సైన్సు పరీక్ష రోజు పొద్దున జడ వేసుకుంటూ చెప్పింది. "అమ్మా, మోటారు ఆటోలో పెట్టినా. కరెంటొస్తే తాత బీడీ కాల్చేంత సేపు చూసుకోని దానంతట అదే తిరుగుతాది. నువ్వేం ముట్టుకోవాకు." తాత అప్పటికి నిద్ర లేవలేదు. నేను దాని నుదుట బొట్టు పెట్టి, పెన్నులు చూసుకోమని చెప్పి పంపాను. కొంచెం సేపటికి మామ లేచి టీ తాగి, గట్టు మీద గడ్డి కోసుకొస్తానని కొడవలి పట్టుకుని పోయాడు.

నేను వాకిట్లో చాప మీద మిరపకాయలు ఎండకు తిప్పుతున్నాను. సిద్దక్క వచ్చి ఎదురుగా నిలబడింది. ఈసారి ఫోనుతో మాట్లాడలేదు.

"ఏమ్మే నేత్రావతీ, ఇంక ఓర్చుకోను. నా మడి చూసినావా? ఈ తడి ల్యాకుంటే ఎన్ను బయటికి రాదు. మీరు ఇంట్లో కూసోని నొక్కుతాంటే నేను ఎవరి కాళ్ళు పట్టుకోవాల?"

"నన్నడిగితే ఏం చేసేదక్కా? కాలవంతా అట్లే ఉండాది."

"మీ మామ కూడా తక్కువోడు కాదు. ఉండే గుక్కెడు నీళ్ళు కూడా కిందికి రానీకుండా ఇప్పుడే నాచు పీకుతాండాడు. నడుము లోతులో నిలబడినాడు. నేను ఊరికే ఒక మాట అంటే, ఈపొద్దు పాప పరీచ్చలో ఉండాది, నొక్కేటోళ్ళు ఎవరూ ల్యారు, ఇదే మంచి టైము అంటాడు. తువ్వాల కట్టి మరీ దిగినాడు!"

నా చేతిలో మిరపకాయలు చేతిలోనే ఉండిపోయాయి. ఏదో తప్పుగా ఉందని ఒళ్ళంతా తెలుస్తోంది, ఏమిటో ఇంకా తలకు అందలేదు. సరిగ్గా అప్పుడు ఇంట్లో ఫోను మోగింది. నేను పరుగున పోయి ఎత్తాను.

"విద్యుత్ బందిదె" అంది ఆ గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా.

మాట అయిపోగానే అద్దం నల్లబడింది. నా బొటనవేలు పెట్టాను. చూపుడువేలు పెట్టాను. చీరకు తుడిచి మళ్ళీ పెట్టాను. ఫోను వణికి ఊరుకుంది. ఎవరికైనా చెబుదామంటే నంబర్లన్నీ దాని లోపలే ఉన్నాయి. వీధిలో ఒక్క మనిషి లేడు, అందరూ మిరప కోతల్లో ఉన్నారు. పొలానికి పరిగెత్తితే ఒక బీడీ కాదు, ఒక కట్ట బీడీలు కాలతాయి.

"ఏమైందే?" అంది సిద్దక్క.

"ఆటో అక్కా! ఆటోలో పెట్టింది!" అని అరిచి, ఫోను రొంటిన దోపుకుని వీధిలోకి పడ్డాను. ఆమెకు ఆ మాట అర్థమై ఉండదు, నా ముఖం అర్థమైంది. నా వెనకే పరిగెత్తుకొచ్చింది.

పొలాల మోటార్లన్నిటికీ కరెంటు ఇచ్చే టీసీ, అదే ట్రాన్స్‌ఫార్మరు, హైస్కూలు అవతల కళ్ళం పక్కన ఉంటుంది. దాని హ్యాండిలు కిందికి లాగితే మోటార్లన్నీ ఆగిపోతాయి. అది మగవాళ్ళు కూడా వెనకాముందూ చూసి పట్టుకునే హ్యాండిలు. మా ఆయన ఒకసారి లాగుతుంటే చూశాను, అంతే.

దారిలో హైస్కూలు. గేటు వేసి ఉంది, పోలీసాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల ఏదో ఒక గదిలో నా బిడ్డ ఉంది. దాని వేలు ఉంది. ఆ వేలు ఒక్కసారి ఫోనుకు తగిలితే మోటారు ఆగుతుంది. నా కాళ్ళు గేటు ముందు ఆగాయి.

"ఏనమ్మా?" అన్నాడు పోలీసాయన కన్నడంలో.

బతిమాలితే పిలుస్తాడేమో. పిలిస్తే ఆ పిల్లకు చెప్పాలి. చెప్పాక అది మళ్ళీ లోపలికి పోయి రాయలేదు. ఈ పరీక్షే కాదు, ఇంకేదీ రాయలేదేమో. ఆయనకు జవాబు చెప్పకుండా ముందుకు పరిగెత్తాను. నేను నిలబడిన ఆ కాసేపట్లో అక్కడ మా మామ ప్రాణం పోయి ఉంటే ఏం చేసేదాన్నో ఈ రోజుకీ నాకు తెలియదు.

కాళ్ళకు చెప్పులు లేవు. కళ్ళంలో పడి ఉన్న ఖాళీ యూరియా సంచి మడిచి కాళ్ళ కింద వేసుకున్నాను. "వద్దే, సచ్చిపోతావే" అని సిద్దక్క కేకలు పెడుతోంది. రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని వేలాడాను. పైన టప్పుమని నిప్పురవ్వలు రాలాయి. దూరంగా కాలవ మీద అప్పటికే గుయ్యిమంటున్న పైవాళ్ళ మోటార్లు ఒక్కసారి మూగబోయాయి. నేను హ్యాండిలు పక్కనే కూలబడ్డాను.

వాళ్ళ ఫోన్లు ఊరుకుంటాయా? కరెంటు పోయిందని అందరికీ చెప్పేశాయి. ముందు సిద్ధేశ్ బండి వేసుకుని వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు.

"ఎవరు దించింది?"

"నేను."

"నువ్వా వదినా? తల తిరిగిందా నీకు? కరెంటు ఉండేదే రోంతసేపు. లెయ్యి, లెయ్యి, జల్దీ ఎత్తాల."

"ఎత్తేదానికి ల్యా."

"వదినా, మర్యాదగా చెప్తాండా..."

"సిద్ధేశప్పా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మా మామ నీళ్ళలో ఉండాడు. మోటారు ఆటోలో ఉండాది. నువ్వు పోయి ఆయనను నీ బండి మీద కూసోబెట్టుకోని వచ్చి నాకు చూపిచ్చు. అప్పుడు ఎత్తుకో. అంతవరకు ఎవరు దీని మీద చెయ్యేసినా, నా మీద వేసినట్టే."

వెనకున్న ఒకడు కాలవ రైతుల ఫోను గ్రూపులో వచ్చిన తిట్లు అందరికీ వినపడేట్టు పెట్టాడు. నా పేరుతో, మా ఇంటి పేరుతో. నేను హ్యాండిలు చుట్టూ చేతులు వేసి కూర్చున్నాను. ఇంతకుముందే నాతో కొట్లాడిన సిద్దక్క వచ్చి నా పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. సిద్ధేశ్ నన్ను ఒకసారి చూసి బండి తిప్పాడు.

వాడు తిరిగి వచ్చేదాకా నేను ఏం ఆలోచించానో చెబితే నవ్వుతారు. పొద్దున మామకు టీలో చక్కెర తక్కువైంది. ఆయన అడిగాడు, నేను వేయలేదు. అదే, అదొక్కటే తలలో తిరిగింది. బండి చప్పుడు వినబడింది గాని తల ఎత్తలేకపోయాను.

"ఏమ్మా, ఎవరికేమైంది?" అన్న మాట వినబడి చూశాను. బండి వెనక మా మామ. ఒళ్ళంతా నీళ్ళు, గడ్డానికి నాచు పోగు, భుజం మీద తువ్వాల.

నేను లేవలేదు. ఏడుపు వచ్చేసింది, అందరి ముందర, నోరు తెరుచుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

సిద్ధేశ్ బండి దిగలేదు. హ్యాండిలు వైపు కూడా చూడలేదు. "తువ్వాల పెట్టెకు కట్టింది కట్టినట్టే ఉండె వదినా" అన్నాడు చిన్నగా. వాడి మోటారు కూడా ఆటోలోనే ఉంటుంది. ఆ హ్యాండిలు ఎత్తడానికి ఆ పూట ఎవరూ తొందరపడలేదు. లైన్‌మన్ వచ్చి చూసి, నన్ను నాలుగు తిట్టి, పొద్దు వాలాక తనే ఎత్తాడు.

అర్పిత మధ్యాహ్నం గెంతుకుంటూ వచ్చింది. పేపరు బాగా రాసిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేను ఏమీ చెప్పకూడదనుకున్నాను. కంచంలో అన్నం పెట్టాను. మామ గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. అప్పటికి ఆయనకు అంతా తెలిసిపోయింది, నేనే చెప్పాను.

"ఏం పరీచ్చ పాపా ఈపొద్దు?"

"సైన్సు తాతా."

"కరెంటు గురించి ఏమన్నా అడిగినారా?"

"అడిగినారు. షాకు కొట్టకుండా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాల అని. అన్నీ రాసినా." చెబుతూ చెబుతూ ఆగింది. తాత ముఖం చూసింది. నా అరచేతులు చూసింది, బొబ్బలు లేచి ఉన్నాయి. లేచి ఫోను తీసి వేలు పెట్టింది. కరెంటు వచ్చిన టైమూ, వెంటనే పోయిన టైమూ ఆ అద్దంలో చూసిందేమో, ఫోను నేల మీద పెట్టి గోడ వైపు తిరిగి నిలబడింది.

"నేను చెప్పల్యా" అంది. "తాతకు చెప్పల్యా."

"నేను మాత్రం నీకు చెప్పినానా, దిగుతాండానని?" అన్నాడు మామ. "ఇట్ల రా. అన్నం సల్లారిపోతాది."

అది రాలేదు. మిగతా పరీక్ష రాయనంది, బళ్ళారి వద్దంది, ఏమేమో అంది. మామ మోకాళ్ళు పట్టుకుని లేచి దాని దగ్గరికి పోయి, కంచం తెచ్చుకుని, ముద్దలు కలిపి తినిపించాడు. ఏడుస్తూనే తింది. ఆయన ఆ పిల్లకు అన్నం తినిపించడం నేను మళ్ళీ ఎన్నేళ్ళకో చూశాను.

చీకటి పడే ముందు సిద్దక్క వచ్చింది. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. వాకిట్లోనే నిలబడి, "నీళ్ళొచ్చినాయి నేత్రావతీ" అంది. "మోటార్లన్నీ పండుకున్న పొద్దు నా మడి కొసదాకా వచ్చినాయి. ఎన్నాళ్ళకో." సంతోషంగా అనలేదు. సంతోషపడవచ్చో లేదో తెలియనట్టు అంది. చేతిలో ఉన్న వంకాయలు నా చాప మీద పోసి వెళ్ళిపోయింది.

మా ఆయన సంగతి విని లారీ దారి మధ్యలోనే వదిలేసి వచ్చాడు. "పీకి పారేస్తా ఆ పెట్టె" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "పీకాకురా. మోకాళ్ళు నీయా, నాయా? రేత్రిపూట కాపు నువ్వు కాస్తావా?" అప్పుడు అర్పిత మాట్లాడింది. రెండు రోజుల నుంచి దాని నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

"ఆటో తీసేసినా నాయనా. నీళ్ళలో దిగేటప్పుడు ఫోను తాత తీసుకోని పోవాల. తువ్వాలలో మూట కట్టి పెట్టెకు కట్టాల. ఫోను ఆడుంటే ఇంట్లో నొక్కేదానికి ఏముంటాది?"

"ఇంకా పరీక్షలుండాయి గదా, ఫోను ల్యాకుండా ఎట్ల చదువుతావు?"

"పుస్తకముండాది" అంది.

ఫోనుకు వేలి తాళం కూడా తీసేసి, నాకు తెలిసిన అంకెలు పెట్టింది. ఆ అంకెలు నేను రోజుకొకసారి నొక్కి చూసుకుంటాను, ఊరికే.

ఆఖరి పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం మామకు సంగటి తీసుకుని కాలవకు పోయాను. ఇంటి దగ్గర అర్పిత గుమ్మంలో కూర్చుని పుస్తకం పైకి చదువుకుంటోంది. గట్టు మీద మా స్టార్టరు పెట్టెకు తువ్వాల వేలాడుతోంది, కొసన చిన్న మూట. పైన చూస్తే సిద్ధేశ్ పెట్టెకు కూడా ఒక ఎర్ర తువ్వాల, దాని కొసన కూడా మూట. సిద్ధేశ్ నీళ్ళలో నాచు లాగుతున్నాడు. మా మామ నడుము లోతులో నిలబడి వాడిని ఏదో ఎగతాళి చేస్తున్నాడు.

నేను సంగటి గిన్నె కింద పెట్టేలోపల మూట కదిలింది. తువ్వాల లోపల నుంచి, గొంతుకు గుడ్డ అడ్డం పడి, ఆ యమ్మి మాట్లాడింది. "విద్యుత్ బందిదె."

మామ తల ఎత్తాడు. "ఎవరమ్మా అది, నా తువ్వాలలో మాట్లాడతాండేది?"

"కరెంటు మామా. వచ్చినానంటాండాది."

"కూసోమను" అన్నాడు మామ, చేతినిండా నాచు పైకి లాగుతూ. "నేను బయటికి రావాల గదా."